పెరటి మెట్లను ఇంగ్లీషులోకి దించిన రోజు

కోర్టులో దుబాసీ పనికి రెండు భాషలు వస్తే చాలనుకుని చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రెండు భాషలు వచ్చినవాళ్ళు చిత్తూరులో వీధి వీధికీ దొరుకుతారు. ఈ పనికి కావలసింది అనుమానం. సాక్షి మీద అనుమానం, వకీలు మీద అనుమానం, వకీలు గుమాస్తా మీద రెట్టింపు అనుమానం. మన నోట్లోంచి అప్పుడే జారిన మాట మీద వీటన్నిటికంటే ఎక్కువ అనుమానం. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినా "ఎవరు రుచి చూశారు, ఎక్కడ కూర్చుని చూశారు" అని అడిగే మనిషినని మా ఇంటావిడ నలుగురిలో నవ్వుతూ చెబుతుంది. అది అబద్ధం కాదు. ముప్పొద్దులా అదే పని చేసిన నోరు ఇంటికి వచ్చి మారిపోతుందా?

నేను ఎప్పుడు చేరాను, ఎవరి దయవల్ల పై మెట్టు ఎక్కాను, ఎవరి కడుపుమంట వల్ల ఆగిపోయాను అన్నవి ఇక్కడ రాయను. మీకు పనికొచ్చేది ఒక ఇల్లు, ఆ ఇంటి మెట్లు, ఆ మెట్ల మీద వేలాడిన ఒక ఆడమనిషి ప్రాణం. దాని గురించే చెబుతాను.

పైన అంటే ఎక్కడ?

తెల్లదొరలు జడ్జీలుగా ఉన్న కాలం. సాక్షి తెలుగులో చెప్పేది మేము ఇంగ్లీషులో చెబితే, దొర తన చేత్తో రాసుకునేవాడు. రాసుకున్నదే సాక్ష్యం. సాక్షి నోటి మాట గాలిలో కలిసిపోయేది, మా మాట కాగితం మీద మిగిలేది. ఇంత అధికారం మా చేతిలో ఉందని మాకు జీతం ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ గుర్తించలేదు కానీ, లంచం ఇవ్వజూపేవాళ్ళు మాత్రం బాగానే గుర్తించేవాళ్ళు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది చట్టం మాటలు కాదు. వాటికి నిఘంటువు ఉంది. ఏడిపించింది ఇల్లు. ఏర్పేడు వైపు నుంచి వచ్చిన ఒక పొలం తగాదాలో సాక్షి "మిద్దె మీద పండుకోనుంటి" అన్నాడు. నేను కొత్తవాణ్ణి, హుషారుగా "అప్‌స్టెయిర్స్" అనేశాను. దొర కలం ఆపి, పైన ఎన్ని గదులున్నాయి, కిటికీ ఏ వైపు అని అడిగాడు. ఆ మాట సాక్షికి చెప్పాను. అతడు నా మొహం వంక జాలిగా చూసి, "మిద్దె మీద గది యాడుంటాది సామీ, సుక్కలే గదా ఉండేది" అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఇంగ్లీషువాడికి అప్‌స్టెయిర్స్ అంటే పైకప్పు కింద ఉండే చోటు. మనవాడు పడుకున్నది పైకప్పు మీద. ఆన్ ది రూఫ్ అనాలి. ఆ తేడాతో దొంగను గుర్తుపట్టానన్న సాక్ష్యం నిలుస్తుందో పడుతుందో తేలుతుంది. మరి ఆరుబయట వెన్నెల ఉంటుంది, గదిలో ఉండదు.

మా శిరస్తదారు, అంటే కోర్టు గుమాస్తాలందరికీ పెద్ద, ఆ సాయంత్రం నన్ను పిలిచాడు. మనిషి పరమ చండశాసనుడు, పొడుంకాయ పక్కన లేనిదే మాట రాదు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఇంగ్లీషోడు ఇంట్లోకి పోతానే అంతస్తులు లెక్కబెడతాడప్పా. మనోడు లెక్కబెట్టడు. ఆడ ఎవురుండారో, ఏమి ఎండేసినారో చెప్తాడు. నువ్వు మాట మార్సేముందర ఆ ఇంట్లో ఒకసారి తిరిగి రా. సాక్షి యాడ నిలబడుకోని సూసినాడో ఆడ నువ్వూ నిలబడు" అన్నాడు. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. మిగతాదంతా దాని మీద పడిన దుమ్ము.

అప్పటినుంచి ఇంగ్లీషు ఇంటి మాటలను ఒక్కొక్కదాన్నీ అనుమానంగా తిప్పి చూడడం మొదలుపెట్టాను. గ్రౌండ్ ఫ్లోర్ అంటే నేలమీద ఉన్న ఇల్లు, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. బాగానే ఉందనుకుంటే, ఒక అమెరికా దొరసాని సాక్ష్యానికి వచ్చి అదే చోటును సెకండ్ ఫ్లోర్ అంది. మా దొర ముఖం మాడింది. ఇద్దరిదీ ఇంగ్లీషే కదా అని మనం నవ్వుకోవచ్చు కానీ, ఆ పూటంతా దొరసాని చెప్పిన గది గాలిలో వేలాడింది. ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషు మెట్లకు తలా పాదమూ ఉంటాయి, పై కొసను తల అంటారు, కింది కొసను పాదం అంటారు. మనవాడికి మొదటి మెట్టు అంటే తాను నిలబడిన చోటిది. పైన ఉంటే పైది మొదటిది, కింద ఉంటే కిందిది. కాబట్టి అంకెలతో ఎవరు చెప్పినా నేను నమ్మను. ఎక్కడ నిలబడ్డావు అని అడుగుతాను. అడగడానికి దొర అనుమతి కావాలి, ఆ అనుమతి కోసం తిట్లు కూడా తినాలి. తిన్నాను.

మునెమ్మ

యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క ఊళ్ళన్నీ పొద్దు వాలగానే తలుపులు వేసుకునే కాలం. తిరుపతిలో రాఘవయ్య అనే వర్తకుడి ఇంట్లో ఆయన మేనత్త చనిపోయి కనిపించింది. విధవరాలు, ముసలామె, మేడమీద గదిలో ఉండేది. పట్టపగలు, అందరూ భోంచేసి నడుం వాల్చిన వేళ ఎవరో గొంతు నులిమి, మెడలోని బంగారు గొలుసు తీసుకుపోయారు. ఆ ఇంట్లో చాకిరీ చేసే మునెమ్మను పోలీసులు పట్టుకున్నారు. ఊరికి ఎడంగా ఉన్న వాడ నుంచి వచ్చే మనిషి. పెరడు ఊడ్చడం, పిడకలు చేసి మిద్దె మీద ఎండేయడం, ఎండినవాటిని దించడం ఆమె పని. గొలుసు ఆమె దగ్గర దొరకలేదు. ఎక్కడా దొరకలేదు.

కేసు సెషన్స్‌కు చిత్తూరు వచ్చింది. నేరం రుజువైతే ఉరి. మునెమ్మకు ఆ సంగతి తెలుసు. చంకలో ఉండే వయసు బిడ్డను తల్లికి అప్పగించి వచ్చిందని కాపలా పోలీసు చెప్పాడు.

మొదటి రోజు నేను ఆమెను చూసింది మా కోర్టు మెట్ల దగ్గర. విచారణ హాలు మేడమీద ఉండేది. వెడల్పాటి మెట్లు, వకీళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. పోలీసులు ఆమెను అక్కడికి తెచ్చేసరికి ఆగిపోయింది. కాలు పైకి పెట్టదు. తల తిప్పి కట్టడానికి ఆ పక్కా ఈ పక్కా, వెనక వైపు చూడడం మొదలుపెట్టింది. పోలీసు "యాడికి పారిపోవల్లని సూస్తుండావే?" అని చెయ్యి గుంజి ఎక్కించాడు. నేను వరండాలో నిలబడి అంతా చూశాను. దిక్కులు చూసే మనిషి మనసులో ఏదో ఉంటుందని నా లెక్క. దీనికి ఏదో తెలుసు అనుకున్నాను.

పోలీసుల కాగితంలో ఇంగ్లీషులో ఇలా ఉంది: తాను అప్‌స్టెయిర్స్ ఉన్నట్టు ముద్దాయి ఒప్పుకుంది. దాని కింద రెండు పంక్తుల తర్వాత, తాను అప్‌స్టెయిర్స్ ఎన్నడూ పోలేదని ముద్దాయి చెప్పింది. సర్కారు వకీలు ఈ రెండు పంక్తులనూ గీతగీసి పెట్టుకున్నాడు. ఒకే నోటితో రెండు మాటలు చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు? నాకు మాత్రం ఏర్పేడు సాక్షీ, అతని సుక్కలూ గుర్తొచ్చాయి. ఆ కాగితం రాసినవాడు మిద్దెనూ మేడనూ ఒకే మాటలో కలిపేసిన, నాలాంటి హుషారైనవాడే అయివుంటాడని అనుమానం వచ్చింది. కానీ అనుమానం నా సొంత ఆస్తి. దుబాసీకి సొంత నోరు లేదు.

చెంగయ్య నిలబడిన చోటు

కళ్ళారా చూసినవాడు ఒక్కడే, చెంగయ్య. రాఘవయ్య ఇంటి ముందు భాగంలోనే అంగడి, అందులో గుమాస్తా. తల నున్నగా దువ్వుకుని, చేతులు కట్టుకుని, వచ్చీ రాగానే "ముద్దాయి మొదటి అంతస్తు నుంచి దిగివస్తూ ఉండగా నేను చూసితిని" అన్నాడు.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. తిరుపతిలో ఏ మనిషి నోట "మొదటి అంతస్తు" వస్తుంది? మాడి మీద అంటారు, మేడ మీద అంటారు. ఈ మాట పోలీసులు ఇతని పేర రాసిన ఇంగ్లీషు కాగితంలోంచి ఎవరో తెలుగులోకి దింపి, ఇతని నోట్లో పోసి, మింగించి పంపారు. అప్పటికి ఆ కాగితం ముఖం కూడా నేను చూసి ఉన్నాను. ఫ్రమ్ ది ఫస్ట్ ఫ్లోర్. అదే వరస, అదే ఊపు.

నేను దొరకు చెప్పాను: అయ్యా, సాక్షి ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఆమె ఏ మెట్ల మీద దిగిందో తెలియకుండా నేను ఇంగ్లీషులో సరైన మాట వేయలేను. దొరకు దుబాసీలంటే అసలే పడదు. సగం దొంగలని ఆయన నమ్మకం. కళ్ళజోడు మీదుగా నా వంక కాసేపు చూసి, అడగమన్నాడు.

అడిగాను. చెంగయ్య తడుముకోలేదు. "అంగట్లోనే ఉండాను. లెక్క రాసుకుంటా తలెత్తితే లోపలి మెట్లు కనబడతాయి. ఆ మెట్ల మీదనే దిగి వచ్చింది" అన్నాడు. ముద్దాయి తరపున కోర్టు పెట్టిన వకీలు పసివాడు. కంగారుగా కాగితాలు తిప్పుతూ, అంగట్లోంచి పెరడు కనబడుతుందా అని మాత్రం అడిగాడు. కనబడదు, మధ్యలో గోడ ఉంది అన్నాడు చెంగయ్య. దొర రాసుకున్నాడు. ఆమెను చూశానని చెప్పాలంటే, అతను కూర్చున్న చోటి నుంచి కనబడే దారిలోనే ఆమెను దింపాలి. వేరే గతి లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు అన్నారు, అతికే వరకూ ఆలోచించారు కూడా. కానీ ఆ ఇంట్లో ఒక విషయం ఉంది. రోజూ కళ్ళముందు ఉండేది కాబట్టి ఎవరికీ తట్టలేదు. గాలి ఉందని ఎవరైనా చెబుతారా?

ఇంటాయన పరువు

సాక్ష్యాలు నడిచేటప్పుడు మిగతా సాక్షులను హాలు బయట కూర్చోబెడతారు. కాబట్టి చెంగయ్య ఏం చెప్పాడో రాఘవయ్యకు తెలియదు. ఆయన వచ్చేటప్పటికి హాల్లో ఆయన బంధువులూ, తిరుపతి వర్తకులూ నిండుగా కూర్చుని ఉన్నారు. జరీ అంచు పంచె, నుదుట నామం, గొంతులో దర్జా.

దొర ముందు ఇంటి నమూనా పటం ఉంది. కోర్టు కొలతల మనిషి అమీను గీసింది. ఇంటి నడుమ ఒక మెట్ల వరస, వెనక గోడకు ఆనించి ఇంకొకటి. ఈ రెండోది ఏమిటని దొర అడిగాడు. రాఘవయ్య, "అవి పెరటి మెట్లు. దొడ్లోంచి నేరుగా మిద్దె మీదికి పోతాయి. నడిమి మేడలోకి రావు" అన్నాడు.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. "పెరటిలో ఉన్న మెట్లు" అని ఇంగ్లీషులో చెప్పేయవచ్చు. ఏ తప్పూ లేదు, ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ మెట్లు పెరట్లో ఉన్నాయన్నది వాటి గురించి సగం మాటే. శిరస్తదారు చెప్పినట్టు మనసులోనే ఆ ఇంట్లో తిరిగి చూశాను. ముందు గది, నడవ, వంటిల్లు, పూజ గది, వాటి నడుమ మెట్లు. వెనక పిడకల బుట్టతో ఒక మనిషి. నేను "బ్యాక్ స్టెయిర్స్" అన్నాను.

దొర కలం ఆగింది. ఆ మాట ఇంగ్లండులో పెద్దింటివాళ్ళ మాట. యజమానులు ఎక్కే మెట్లు వేరు, పనివాళ్ళు కనబడకుండా ఎక్కడానికి వెనక మెట్లు వేరు. ఆయన అలాంటి ఇంట్లోనే పెరిగాడో ఏమో, తల పైకెత్తి రాఘవయ్యను కొత్తగా చూశాడు. ఈ మునెమ్మ లోపలి మెట్లు ఎప్పుడైనా ఎక్కి దిగేదా అని అడిగాడు.

సర్కారు వకీలు లేవబోయాడు. ఆయనకు అర్థమైంది. కానీ రాఘవయ్యకు అర్థం కాలేదు. ఆయనకు వినబడింది ఒక్కటే. తన కులంవాళ్ళందరి ముందు, తన ఇంట్లో వాడ మనిషి పూజగది పక్కనుంచి నడిచి వెళుతుందా అని ఒక తెల్లవాడు అడుగుతున్నాడు. మొహం ఎర్రబడింది.

"మా ఇంట్లోనా? ఆ మనిషి లోపలి మెట్లు తొక్కేదా? ఒక్కనాడు తొక్కలేదు. మా నాయన కాలం నించి తొక్కనిచ్చినోళ్ళం కాము. దానికోసరమే గదా పెరట్లో మెట్లు కట్టించింది."

అక్కడితో ఆగినా బాగుండేది. బంధువులు తల ఊపుతుంటే ఇంకా చెప్పుకుపోయాడు. మిద్దె మీంచి మేడలోకి ఒక తలుపు ఉందనీ, మేనత్తకు మడి పట్టింపు ఎక్కువనీ, మునెమ్మ మిద్దె మీద ఉన్నంతసేపూ ఆమె లోపల గడియ వేసుకునేదనీ, ఆ రోజు కూడా ఆ గడియ వేసే ఉందనీ చెప్పాడు. ఒక్కో మాటా నేను ఇంగ్లీషులోకి దించుతూ ఉంటే దొర ఒక్కో మాటా రాసుకున్నాడు. సర్కారు వకీలు కూర్చుండిపోయాడు. పసి వకీలు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

చివర్లో దొర చెంగయ్య సాక్ష్యం రాసుకున్న కాగితం వెనక్కి తిప్పి, ఆమె లోపలి మెట్ల మీద దిగిందని మీ గుమాస్తా ప్రమాణం చేశాడు కదా, మీరు చెప్పింది నిజమా ఆయన చెప్పింది నిజమా అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. రాఘవయ్య నోరు తెరిచి బంధువుల వంక చూశాడు. ఆమె ఆ మెట్లు తొక్కిందని ఒప్పుకుంటే ఇంటి పరువు పోతుంది. లేదంటే కేసు పోతుంది. చివరికి, "నేను సెప్పిందే నిజం" అన్నాడు.

నా మీద అనుమానం

సాయంత్రం వరండాలో సర్కారు వకీలు నన్ను నిలదీశాడు. ఆ మాట కావాలని వేశావు, ముద్దాయి వైపువాళ్ళు ఏమైనా ముట్టజెప్పారా అన్నాడు. ముట్టజెప్పడానికి మునెమ్మ దగ్గర ఏముంది, పిడకలు తప్ప? పెరటి మెట్లకు బ్యాక్ స్టెయిర్స్ కంటే సరైన ఇంగ్లీషు మీరు చెప్పండి, రేపటి నుంచి అదే వాడతాను అన్నాను. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను ఎవరైనా అడిగితే, కావాలని వేశానా లేదా అన్నది నేనూ గట్టిగా చెప్పలేను. నన్ను నేను కూడా అంతగా నమ్మను.

మరి ముసలమ్మను చంపింది ఎవరు? గడియ లోపలినుంచి వేసి ఉంటే, చంపినవాడు లోపలి మెట్ల మీద రాకపోకలకు అడ్డులేనివాడు. అంగట్లో కూర్చుని తలెత్తితే ఆ మెట్లు చూడగలిగినవాడు, ఎవరు ఎక్కారో చెప్పలేదు. ఆ తర్వాత చెంగయ్య తిరుపతిలో కనబడలేదని విన్నాను. రాఘవయ్య అతని కోసం వెతికించలేదని కూడా విన్నాను. రెండు సంగతుల్లో రెండోదే నాకు ఎక్కువ అనుమానం. ఇంతకు మించి రాయను. రుజువు లేనిదాన్ని కాగితం మీద పెట్టకూడదన్నది కూడా మా ఉద్యోగంలో నేర్చుకున్నదే.

దిగడం

తీర్పు రోజు దొర చదివింది పొడుగ్గా ఉంది. మునెమ్మకు అందులో కావలసిన ముక్క ఒక్కటే. నేను బోను దగ్గరికి వెళ్ళి, "నిన్ను వదిలేసినారు. ఇంక పో" అన్నాను. ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. బోనులోంచి బయటికి వచ్చి, తలుపు దాకా నడిచి, మెట్ల ముందు ఆగిపోయింది. మళ్ళీ అదే చూపు, ఆ పక్కా ఈ పక్కా. అప్పుడు తెలిసింది నాకు, మొదటి రోజు ఆమె వెతికింది పారిపోయే దారి కాదని.

"సామీ, నేను ఎట్ల దిగల్ల? వెనకమెట్లు యాడుండాయి?" అంది.

వెనక మెట్లు లేవని, ఇవే మెట్లని, వచ్చేటప్పుడు ఎక్కింది వీటి మీదే కదా అని చెప్పాను.

"ఎక్కింది నేను కాదు సామీ. పోలీసోళ్ళు ఎక్కించినారు. దిగేది నేను గదా" అంది మునెమ్మ.

దొర అప్పటికి గదిలోకి పోవడానికి లేచి నిలబడ్డాడు. ఆమె ఏమంటున్నదని అడిగాడు. తాను ఏ మెట్ల మీద దిగాలని అడుగుతోంది అన్నాను. "నేను దిగే మెట్ల మీదే అని చెప్పు" అన్నాడు దొర. చెప్పాను. నా ఉద్యోగంలో అంత తేలికగా తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాట ఇంకొకటి లేదు.

ఆమె గోడ పక్కన, మెట్టు అంచున అడుగుపెట్టి దిగడం మొదలుపెట్టింది. అదే సమయానికి రాఘవయ్య, ఆయన బంధువులు హాల్లోంచి బయటికి వచ్చారు. దిగుతున్న మునెమ్మను చూసి పై కొసన, మెట్ల తల దగ్గరే ఆగిపోయారు. ఆమె కాలు పెట్టిన మెట్టు మీద, ఆమె దిగిపోకముందే వాళ్ళు కాలు పెట్టరు. జరీ అంచు పంచెలన్నీ వరసగా నిలబడిపోయాయి. వాళ్ళ వెనక వకీళ్ళు, గుమాస్తాలు, జనం ఆగిపోయారు. ఏమైందని వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు.

మునెమ్మ మలుపు దగ్గర ఒకసారి తలెత్తి వాళ్ళను చూసింది. గోడ వదిలి మెట్ల నడుమకు వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకా మెల్లగా దిగింది.